ఓడినోళ్ళ వంతు

సుందరరాజులు టేబుల్ మీద ఒక్కొక్క వస్తువే పేర్చాడు, ఏదో పెద్ద దోపిడీ పట్టుకున్నవాడిలా. ముందు నాలుగు చింతగింజ బద్దలు, ఒక పక్క నున్నటి గోధుమరంగు, ఇంకో పక్క తెలుపు. తర్వాత చొక్కా గుండీలు, గాజుముక్కలు, కొన్ని రూపాయి బిళ్ళలు. ఆఖర్న ఒక నల్లటి తోలు ముక్క. దాని మీద అష్టాచెమ్మా పటంలా తెల్లదారంతో గళ్ళు కుట్టి ఉన్నాయి. అంచు మడిచి, చుట్టూ జంట కుట్టు వేసి, మూలలు గుండ్రంగా తిప్పి ఉన్నాయి. విద్యాలక్ష్మి ఆ మూలల్నే చూస్తూ ఉండిపోయింది. తోలు మీద మూల తిప్పడం ఎంత కష్టమో ఆ కంపెనీలో చేరాకే ఆమెకు తెలిసింది.

అది కారు సీట్లకు తొడుగులు కుట్టే కొరియా వాళ్ళ కంపెనీ, తిరువళ్ళూరు దాటి కొంచెం దూరం. సుందరరాజులు అక్కడ పర్సనెల్ మేనేజరు. తెలుగింట పుట్టినవాడే, ఈ పక్క మనిషే. కాకపోతే మెడలో ఆఫీసు కార్డు వేసుకున్నాక ఆయనకు ఇంట్లో ఆడిన ఆటలూ పాడిన పాటలూ ఏవీ గుర్తుండవు.

వరదమ్మ తలుపు దగ్గర నిలబడింది. మిషను మీదినుంచి లేపుకొచ్చారు గనుక మెడలో టేపు అలాగే వేలాడుతోంది, చూపుడువేలికి తొడుక్కున్న రబ్బరు తొడుగైనా తీయలేదు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉండేచోట వేసే కుట్టు ఆ లైనులో ఆమెదే. ఎన్నేళ్ళు కూర్చున్నా ఆ కుట్టు విడకూడదు. బండి గుద్దుకున్న క్షణంలో మాత్రం అదొక్కటే విడిపోయి ఎయిర్‌బ్యాగ్‌కు దారివ్వాలి. పట్టుకోవడమూ తెలిసి, వదలడమూ తెలిసిన కుట్టు అది. కాంట్రాక్టు మీద చేరిన మనిషి, రాబోయే అరవ నెల మాసిలో పర్మనెంటు చేస్తామని మాటిచ్చారు. ఇంతలో ఆ మధ్యాహ్నం అట్టపెట్టెల చాటున ఆమెతో కలిపి నలుగురు ఆడవాళ్ళు ఆడుతూ సెక్యూరిటీ వాడి కంట పడ్డారు.

“జరిగింది చెప్పమ్మా,” అన్నాడు సుందరరాజులు.

“ఏం చెప్పేది సార్. తినేసినాం, టైముండాది, దాయం ఆడినాం.”

“దుడ్డు పెట్టి ఆడినారు.”

“దుడ్డు యాడ సార్? అవి కాయలు. ఒకామెకు గుండీలు, ఒకామెకు గాజులు, నాకు బిళ్ళలు. ఓడినోళ్ళు అందరి టిఫిన్ డబ్బాలూ కడగాల. అదే పందెం.”

“మరి ఈ తోలు?”

“చెత్తడబ్బాలో వేసిన ముక్క సార్ అది. గళ్ళు సుద్దతో గీస్తే చెరిగిపోతా ఉండాదని కుట్టుకుంటి.”

టేబుల్ వెనక కూర్చున్న నామ్ సారు విద్యాలక్ష్మి వైపు తిరిగాడు. ఆ కంపెనీకి ఆయనే జనరల్ మేనేజరు. ఇక్కడి భాషలేవీ రావు. ఆయనకూ మిగతా వాళ్ళకూ మధ్య నోరు విద్యాలక్ష్మిదే.

“ఏమిటిది?” అన్నాడు కొరియా భాషలో.

విద్యాలక్ష్మికి ఆ భాష సగం చెన్నైలో సాయంత్రం క్లాసుల్లో వచ్చింది, సగానికి పైగా సీరియళ్ళలో వచ్చింది. అదీ ఇప్పటి కాలం కథలు కాదు, రాజులూ రాణులూ మంత్రులూ ఉండే పాతకాలం సీరియళ్ళు. తిరుత్తణిలో ఇంట్లో పనంతా అయ్యాక ఫోను ముందు కూర్చుంటే కొలువుకూటం నుంచి లేచేది కాదు. అందుకే ఆమె మాట్లాడితే కొరియా వాళ్ళు నవ్వు ఆపుకుంటారు. ‘టీ తెమ్మంటారా’ అని అడగాల్సిన చోట ‘తేనీరు సమర్పించుకొనుటకు అనుమతి వేడుచున్నాను’ అన్నట్టు ఉంటుందట. అంతఃపురంలో రాణిగారి దగ్గర ఉండే పెద్ద దాసిని ఏమంటారో ఆఫీసులో ఆమెకు ఆ పేరే పెట్టారు.

ఇప్పుడామె మాట కోసం వెతుక్కుంది. సీరియళ్ళలో జూదం ఆమె బోలెడు చూసింది. నూనె దీపం, పొగ, తలమీద ముడేసుకున్న మగవాళ్ళు. వేలంత వెడల్పు, జానెడు పొడుగు ఉన్న కాగితం పట్టీలు చేతిలో విసనకర్రలా పట్టుకుని ఉంటారు. ఒకడు పట్టీని చొక్కా చేతిలో దాచుకుంటాడు. ఒకడు పొలం ఓడి, ఇల్లు ఓడి, కూతుర్ని పందెం కాస్తాడు. అప్పుడు భటులు తలుపు తన్నుకుని లోపలికొస్తారు. ప్రతి సీరియల్లోనూ అంతే. ఆట పేరు మారుతుందేమో గాని భటులు తలుపు తన్నకుండా ఉన్నది లేదు.

“జూదపు కొట్టం, ప్రభూ,” అంది విద్యాలక్ష్మి. “పాతకాలం సీరియళ్ళలో చూపిస్తారే, అలాంటిది. గింజలు వేస్తారు, బిళ్ళలు జరుపుతారు.”

టిఫిన్ డబ్బాల సంగతి చెప్పలేదు. జనరల్ మేనేజరు ముందు డబ్బాలేమిటి, చిన్నతనంగా ఉంటుందనుకుంది.

నామ్ సారు మొహం మాడిపోయింది. ఆ తోలు ముక్క వైపు చూడను కూడా చూడలేదు. తన ఫ్యాక్టరీలో జూదపు కొట్టమా అన్నాడు. మిగిలిన ముగ్గురికీ హెచ్చరిక, కొట్టం పెట్టినామె రేపట్నించి రానక్కర్లేదు అన్నాడు. ఆ మాట తిరిగి తెలుగులో చెప్పాల్సింది కూడా విద్యాలక్ష్మే.

వరదమ్మ మెడలోని టేపు తీసి మడిచింది. తర్వాత వేలి తొడుగు తీసి టేబుల్ మీద పెట్టింది, అది కంపెనీది గనుక. “ఆ తోలుముక్కైనా ఇమ్మను పాపా,” అంది.

సుందరరాజులు అది సాక్ష్యమని చెప్పి సొరుగులో పెట్టి తాళం వేశాడు.

*

సాయంత్రం రైలుబండిలో ఆడవాళ్ళ పెట్టె ఎప్పటిలాగే కిక్కిరిసి ఉంది. వరదమ్మా విద్యాలక్ష్మీ ఇద్దరూ తిరుత్తణి దాకా వెళ్ళేవాళ్ళు. అక్కణ్ణించి వరదమ్మ బస్సెక్కి పొదటూరుపేట పోతుంది. ఎవరు ముందెక్కితే వాళ్ళు రెండోవాళ్ళకు చోటు పట్టాలి. ఎప్పుడూ వరదమ్మే ముందెక్కేది. పక్క సీటు మీద టిఫిన్ సంచి పెట్టి, ఎవరొచ్చినా ‘ఆళ్ళుండారు’ అనేది. ఆ రోజు సంచి ఆమె ఒళ్ళోనే ఉంది. పక్క సీట్లో ఎవరో కూర్చుని పూలు కట్టుకుంటున్నారు. విద్యాలక్ష్మి కమ్మీ పట్టుకుని నిలబడింది.

కడంబత్తూరు దాటాక వరదమ్మ తలెత్తింది. “ఆయప్పకు ఏమని చెప్పినావు పాపా? అంత కోపమెందుకు వచ్చినాది?”

“ఉన్నదే చెప్పినా అత్తా,” అంది విద్యాలక్ష్మి.

“సరి.” వరదమ్మ కిటికీ వైపు తిరిగింది. తనలో తను అనుకున్నట్టు, “పనిదేముండాది, ఇంకో చోట దొరుకుతాది. జూదమాడి పోగొట్టుకున్నాదంట అని ఊళ్ళో అంటారే, దాన్నెట్ల కడిగేది?” అంది.

ఉన్నదే చెప్పినా అన్న మాట నాలిక మీద అలాగే నిలిచిపోయింది. అరక్కోణంలో జనం దిగి చోట్లు ఖాళీ అయ్యాయి. అయినా విద్యాలక్ష్మి వరదమ్మ పక్కన కూర్చోలేదు, కమ్మీ పట్టుకునే నిలబడింది.

ఇంట్లో తల్లి పుష్పవల్లి సీరియల్ పెట్టుకుని చిక్కుళ్ళు గిల్లుతోంది. కూతురు అంటించిన జబ్బే అది. అరవం మాటలతో వస్తుంది గనుక ఆమెకు సులువు. విద్యాలక్ష్మి చెప్పులు విప్పేసరికి సరిగ్గా అదే దృశ్యం. దీపం, పట్టీలు, గడ్డం మీసాల వాడొకడు కళ్ళెర్రజేసి పందెం పెంచుతున్నాడు. తలుపు అవతల కాగడాల వెలుగు.

“ఇంక తన్నుతారు చూడు తలుపు,” అంది పుష్పవల్లి.

తన్నారు.

విద్యాలక్ష్మి ఫ్యాక్టరీలో జరిగింది చెప్పింది. అంతా చెప్పింది, తను అన్న మాటతో సహా. తల్లి చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయింది.

“దాయమా? దాయమాడితే జూదమా?” అంది. “మీ అవ్వ వైకుంఠ ఏకాదశికి నిన్ను ఒళ్ళో పెట్టుకుని ఆడేదే. ఎనిమిది పడితే నువ్వు చప్పట్లు కొడతా ఉంటివి. అది మరిచిపోయి, ఈ మీసాలోణ్ణి చూపించినావా ఆయనకి?”

నిజానికి విద్యాలక్ష్మి మరిచిపోలేదు. వరదమ్మ గింజలు చూడగానే అవ్వ గుర్తుకు రావాల్సింది. మీసాలవాడే ముందు గుర్తుకొచ్చాడు.

*

కొరియా వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చే సోమవారం. ఆ రోజు ఫ్యాక్టరీలో లైనుకొక జట్టు చొప్పున వాళ్ళ ఆట ఒకటి పోటీ పెట్టాలని నామ్ సారు ముచ్చట. లీడర్లకు ముందుగా నేర్పించడానికి శనివారం క్యాంటీన్ హాల్లో చాప పరిచారు. నేర్పడానికి నామ్ సారు తల్లి వచ్చింది. చలికాలం కొడుకు దగ్గర గడపడానికి చెన్నై వచ్చిన ముసలామె. పొట్టిగా, గట్టిగా, జుట్టు ముగ్గుబుట్టలా ఉంది. కుర్చీ తెస్తే వద్దని చాప మీద చతికిలబడింది. కొరియా వాళ్ళంతా ఆమెను ‘హల్మొని’ అంటున్నారు, అంటే అవ్వ అని.

అవ్వ గుడ్డసంచి విప్పి బోర్లించింది. నాలుగు కర్రముక్కలు టకటక చాప మీద పడ్డాయి. ఒక్కొక్కటి జానెడుంటుంది, గుండ్రటి కొమ్మను నిలువునా చీల్చినట్టు. ఒక పక్క ఉబ్బు, ఇంకో పక్క చదును.

“దీన్ని యుత్ అంటారు,” అని విద్యాలక్ష్మి లీడర్లకు తెలుగులోనూ అరవంలోనూ చెప్పడం మొదలుపెట్టింది. అవ్వ చెబుతూ పోతోంది, ఆమె మార్చి చెబుతూ పోతోంది. “ఒక కర్ర చదును పైకి పడితే ఒక గడి. రెండు పడితే రెండు. మూడు పడితే మూడు. నాలుగూ తెల్లగా, అంటే చదునుగా పడితే నాలుగు, ఇంకోసారి వేయొచ్చు. ఒక్కటీ పడకుండా నాలుగూ బోర్లా పడితే…”

అక్కడ ఆగిపోయింది.

ఒక్కటీ పడకపోతే సున్నా కావాలి కదా. కాదు. నాలుగూ బోర్లా పడితేనే అన్నిటికన్నా పెద్దది. చిన్నప్పుడు దాయంలో ఇది అన్యాయమని తన అవ్వతో తగువు పెట్టుకుంది. ఏమీ పడకుంటే ఎనిమిది ఎట్లవుతాది అని. అవ్వ చెప్పిన జవాబు కూడా గుర్తుకొచ్చింది: ‘అదేనే ఆట, పిచ్చిదానా.’

“బోర్లా పడితే?” అన్నాడు ఒక లీడరు.

“అదే పెద్దది,” అంది విద్యాలక్ష్మి. “మళ్ళీ వేయొచ్చు.”

అవ్వ కర్రలు గుప్పిట పట్టి పైకి ఎగరేసింది. నాలుగూ గాల్లో తిరిగి, ఒకదాన్నొకటి కొట్టుకుని, వీపులు పైకి చేసి పడ్డాయి. “మో!” అని అవ్వ చిన్నపిల్లలా తొడ చరుచుకుంది. పక్కన పరిచిన గళ్ళ గుడ్డ మీద తన కాయను పరిగెత్తించి ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలో దించింది. వాళ్ళ కాయను వేలితో చిమ్మింది, మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టమని. చంపినందుకు ఇంకోసారి వేసింది. రెండు కాయలు ఒకే గడిలో చేరితే ఒకదాని మీద ఒకటి ఎక్కించి జోడుగా నడిపించింది.

విద్యాలక్ష్మి ఒళ్ళు ఝల్లుమంది. చంపడం, మొదటికి పంపడం, మళ్ళీ వేయడం, జోడు కట్టడం, దాయంలో ఉన్నవన్నీ ఉన్నాయి. సముద్రాల అవతలి దేశం అది. వాళ్ళ తిండి వేరు, రాత వేరు, దేవుళ్ళు వేరు. ఎవరు ఎవరికి నేర్పారో, అసలు ఎవరూ ఎవరికీ నేర్పలేదో. ఎక్కడో ఒక ఇంట్లో ఒకామె గింజను రెండుగా చీల్చి నేల మీద వేసింది, ఇంకెక్కడో ఒకడు కొమ్మను చీల్చి వేశాడు, ఇద్దరికీ ఒకటే తోచింది. బోర్లా పడ్డవాణ్ణి ఓడిపోయాడనకూడదు, వాడికే పెద్దది ఇవ్వాలి అని. ఆ ఆలోచన ఎంత గొప్పదో తలుచుకుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. చాప అంచున కూర్చుంది.

“అవ్వా,” అంది ఆమె భాషలో, “సీరియళ్ళలో ఈ ఆట ఇలా ఎందుకు చూపించరు? ఎప్పుడూ చీకటి కొట్టమే, కాగితం పట్టీలే.”

అవ్వ పకపకా నవ్వింది. “పండగ పూట ఇంట్లో నవ్వుకుంటూ ఆడితే సీరియల్ ఏం నడుస్తుందమ్మా! వాళ్ళకు తలుపు తన్నేవాడు కావాలి. పట్టీల జూదమూ ఉండేదిలే, కొంపలు ముంచింది కూడా. ఈ కర్రలతోనూ ముంచుకున్నారు. మా ఆయన చలికోటు ఓడి వణుక్కుంటూ వచ్చాడొకసారి. కర్రలదేముంది, పక్కన ఏం పెడతామో అదే.” కర్రలు తడుముతూ, “మా అమ్మ ఉత్తరం పక్క మనిషి. వాళ్ళకు కర్రలు కూడా ఉండవు. చిక్కుడు గింజలే చీల్చి చిన్న గిన్నెలో కుదిపి వేసేవాళ్ళం,” అంది.

“గింజలా?”

“గింజలే.”

విద్యాలక్ష్మి లేచింది. నామ్ సారు హాలు చివర సుందరరాజులుతో కలిసి బహుమతుల డబ్బాలు చూస్తున్నాడు. ఆమె ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది. తప్పు చేశానని చెప్పాలి. ఆఫీసులో చెప్పే ‘సారీ’కి కొరియా భాషలో ఏమంటారో ఆమెకు తెలుసు. అది ఫైలు ఆలస్యమైతే చెప్పేది. మనిషి పని పోయేంత తప్పుకు ఏం చెప్పాలో మాత్రం సీరియళ్ళే నేర్పాయి. మోకాళ్ళూని, నుదురు నేలకు ఆనేంత వంగి, ఆ మాటే అనేసింది.

“చావుకు తగిన నేరం చేశాను. నన్ను చంపించండి ప్రభూ.”

అవ్వకు నవ్వాగలేదు. కొరియా ఇంజనీర్లు ఇద్దరు గోడ వైపు తిరిగి భుజాలు కదిలించారు. విద్యాలక్ష్మి మాత్రం ఏడుస్తోంది. నామ్ సారు నవ్వలేదు. ముందు కంగారుపడ్డాడు, తర్వాత ఆమె ఏడుపు చూసి ఆయనే కిందికి కూర్చున్నాడు.

“లే అమ్మా. చంపించే అధికారం నాకు లేదు,” అన్నాడు. “ఏం నేరమో చెప్పు.”

“ఆ రోజు ఆమె చెప్పింది నేను చెప్పలేదు. నేను సీరియల్లో చూసింది చెప్పాను.”

“అయితే ఇప్పుడు చెప్పు. ఆమె చెప్పిందే చెప్పు.”

చెప్పింది. తినేశాక టైముందని, బిళ్ళలు పందెం కాదు కాయలని, తోలు చెత్తలోదని, సుద్ద చెరిగిపోతోందని కుట్టుకుందని. ఓడినవాళ్ళు అందరి టిఫిన్ డబ్బాలూ కడగాలని.

నామ్ సారు సుందరరాజులును ఆ వస్తువులు తెమ్మన్నాడు. సొరుగు తాళం వచ్చింది, కవరు వచ్చింది. అవ్వ మధ్యలోనే చెయ్యి చాపి గింజలు అందుకుంది. తిప్పి చూసింది, గోధుమరంగు వైపు బొటనవేలితో రుద్దింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే రెండు అరచేతుల మధ్య కుదిపి చాప మీద వేసింది. మూడు తెల్లగా పడ్డాయి. “మూడు,” అంది తన భాషలో, ఎప్పట్నించో తనవే అయినట్టు.

నామ్ సారు తోలు ముక్కను వెలుతురుకు పట్టుకున్నాడు. అంచు లాగాడు, మూల మడిచాడు, వెనక్కి తిప్పి దారం ముడులు వెతికాడు. ముడులు కనపడలేదు. “ఈ చెయ్యి నాకు తెలుసు,” అన్నాడు మెల్లగా. “మన దగ్గర ఒక్క ఎయిర్‌బ్యాగ్ కుట్టు కూడా తప్పుందని తిరిగిరాని లైను ఈమెదే.” దాన్ని ఒళ్ళో పెట్టుకుని, “జూదపు కొట్టం అనగానే నాకూ ఆ సీరియలే కనపడింది. ఈ ముక్కను చూడనేలేదు,” అన్నాడు.

వరదమ్మను సోమవారం పనిలోకి రమ్మంటున్నారని విద్యాలక్ష్మి తెలుగులో చెబితే సుందరరాజులు తల గోక్కున్నాడు. “పనిలో టైమ్‌పాస్ ఆటలు కూడదని రూలుంది గదమ్మా. ఆ రూలును ఏం చేసేదో అడుగు.”

అడిగింది. నామ్ సారు చాప వైపు చెయ్యి చూపించాడు. “సోమవారం మనమందరం ఆడబోయేదానికి ఏం రూలుందో అదే.”

*

ఫోన్‌లో చెప్పేస్తే సరిపోయేది. విద్యాలక్ష్మికి మనసొప్పక ఆదివారం పొదటూరుపేట బస్సెక్కింది. ఊళ్ళో దిగుతూనే మగ్గాల చప్పుడు చెవుల్లో పడింది. వరదమ్మ ఇంట్లో ముందు గదంతా మరమగ్గమే. మొగుడు చౌడప్ప లుంగీ నేస్తున్నాడు. వరదమ్మ మగ్గం వెనక కూర్చుని, అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు అతుకుతోంది. బూడిద అంటిన వేళ్ళతో పాత పోగునూ కొత్త పోగునూ కలిపి ఒక్క మెలిక తిప్పి వదిలేస్తుంది. అవి ఎక్కడ కలిశాయో మళ్ళీ కనపడదు.

విద్యాలక్ష్మి పక్కన కూర్చుని అంతా చెప్పింది. కంపెనీ రమ్మంటున్నదని ముందు చెబితే సులువుగా ఉండేది. అయినా తను చేసింది ముందు చెప్పి, అది తర్వాత చెప్పింది.

వరదమ్మ వేళ్ళు ఆగలేదు. “డబ్బాల సంగతి చెప్పనేలేదా?”

“లేదత్తా.”

“అదే గదా పాపా ముఖ్యం.”

వరదమ్మ ఇంకో రెండు పోగులు అతికింది.

“నువ్వు చూసింది నువ్వు చెప్పినావు, ఆయప్ప చూసింది ఆయప్ప అనుకున్నాడు. నడిమధ్యన నేను నిలబడే ఉంటిని. నన్నొక మాట అడిగింటే చెప్పుండనా? నోరు నీదే గాని మాట నాది గదా.” ఆమె కోపంగా అనలేదు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

చౌడప్ప మగ్గం ఆపి, “పాప ఇంత దూరం వచ్చినాది. మోరు పోసియ్యి,” అన్నాడు.

వరదమ్మ చేతులు కడుక్కుని మజ్జిగ తెచ్చిచ్చింది. రేపు వస్తానని గాని రానని గాని అనలేదు.

సోమవారం పొద్దున తిరుత్తణిలో బండెక్కేసరికి వరదమ్మ కిటికీ పక్కన ఉంది. సంచి ఒళ్ళోనే ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంది, కానీ సంచి పెట్టి పట్టిన చోటు కాదది. విద్యాలక్ష్మి ఎదుటి వరసలో కూర్చుంది.

పోటీ మధ్యాహ్నం దాకా సాగింది. ఒక్కో కర్ర పడ్డప్పుడల్లా క్యాంటీన్ కప్పు ఎగిరిపోయేలా అరిచారు. గెలిచిన జట్టుకు బహుమతి డబ్బాలు ఇచ్చారు, ఫొటోలు తీశారు. అంతా అయ్యాక నామ్ సారు అందరి ముందూ ఆ తోలు ముక్కను వరదమ్మ చేతికిచ్చి తల వంచాడు. పర్మనెంటు చేస్తామన్న మాట మారలేదనీ అన్నాడు. విద్యాలక్ష్మి ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. వరదమ్మ చెంగుతో తోలు ముక్క తుడిచింది.

అవ్వ ఆమె చెంగు పట్టి లాగి చాప మీద కూర్చోబెట్టింది.

విద్యాలక్ష్మి ఇద్దరి మధ్యా మోకాళ్ళ మీద కూర్చుంది, రెండు భాషలూ సిద్ధంగా పెట్టుకుని. ఎవరూ ఆమె వైపు చూడలేదు. వరదమ్మ గడుల మీద వేలు పెట్టి ఇట్ల పోవాల, ఇట్ల తిరగాల, ఇంటూ గుర్తు ఉన్నచోట చంపేదానికి లేదు అని చూపించింది. అవ్వ తలూపి కాయలుగా గుండీలు ఏరుకుంది. వరదమ్మ తెలుగులో లెక్క పెట్టింది, అవ్వ కొరియా భాషలో లెక్క పెట్టింది. ఇద్దరి వేళ్ళూ ఒకే గడిలో ఆగాయి. చుట్టూ జనం మూగారు. ఒకసారి అవ్వ వరదమ్మ కాయను చంపి వెక్కిరించింది. “ఉండు ఉండు, నీ పని చెప్తా,” అంది వరదమ్మ. అవ్వ కూడా అలాంటిదే ఏదో అంది. చెప్పమని ఎవరూ అడగలేదు.

ఆఖర్న వరదమ్మ గింజలు కుదిపి వేసింది. నాలుగూ వీపులు చూపిస్తూ బోర్లా పడ్డాయి.

“ఎనిమిది!” అంది వరదమ్మ.

“మో!” అంది అవ్వ, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూగిన జనంలో ఒకామె గుండెల మీద చెయ్యి వేసుకుంది. విద్యాలక్ష్మికి ఏదో గుళ్ళో నిలబడ్డట్టు అనిపించింది. సీరియళ్ళలో ఎన్ని పట్టాభిషేకాలు చూసింది, ఒక్కసారీ ఇలా ఒళ్ళు పులకరించలేదు.

వరదమ్మ కాయలు పండించేసి లేవబోయింది. అవ్వ ఆమె చెయ్యి వదల్లేదు. “పందెం ఏమిటి?” అని విద్యాలక్ష్మిని అడిగింది, మొదటిసారిగా.

విద్యాలక్ష్మి ఈసారి మాట మార్చే ముందు వరదమ్మ వైపు తిరిగింది. “పందెం ఏందని అడుగుతా ఉండాది అత్తా. ఏం చెప్పేది?”

“ఎప్పుడూ ఉండేదే,” అంది వరదమ్మ.

చెప్పింది.

అవ్వ లేచి చేతులు మోచేతుల దాకా మడుచుకుంది. వరదమ్మ వద్దు వద్దంటూనే వెంటపడింది. క్యాంటీన్ వెనక కుళాయి దగ్గర ఆడవాళ్ళ టిఫిన్ డబ్బాలు వరసగా ఉన్నాయి. అవ్వ గొంతుక్కూర్చుని మొదటిది అందుకుంది, కొబ్బరిపీచుతో మూత అంచు చుట్టూ రుద్దింది. పులుసు మరక వదలకపోతే గోటితో గీకింది. అంతలో నామ్ సారు పరిగెత్తుకుంటూ వచ్చి తల్లి చేతిలో డబ్బా లాక్కోబోయాడు. అవ్వ తడిచేత్తో కొడుకును పక్కకు తోసి ఒక మాట అంది.

“ఏమన్నాది? ఏమన్నాది?” అని ఆడవాళ్ళంతా విద్యాలక్ష్మి మీద పడ్డారు.

“‘అడ్డం లెయ్యిరా, ఓడింది నేను గదా’ అంటా ఉండాది.”

కుళాయి చుట్టూ నవ్వులు ఎగిశాయి. నామ్ సారు తెల్లమొహం వేసుకుని అక్కడే నిలబడ్డాడు. వరదమ్మ నవ్వుతూనే తన సంచిలోంచి సొంత డబ్బా తీసింది. దాన్ని అవ్వ ముందున్న వరసలో పెట్టలేదు. విద్యాలక్ష్మి దగ్గరికి వచ్చి చేతిలో పెట్టింది.

“నువ్వూ ఓడినావు గదా పాపా,” అంది. “ఇది నీ వంతు.”

విద్యాలక్ష్మి చున్నీ నడుముకు చుట్టుకుని అవ్వ పక్కన కూర్చుంది. అవ్వ కొంచెం జరిగి చోటిచ్చింది. వరదమ్మ సంచి పట్టుకుని వాళ్ళిద్దరి వెనకే నిలబడింది, డబ్బా తిరిగి తీసుకుపోవడానికి.